గోదావరి డెల్టా నుంచి వాతావరణ పరిశోధనలోకి: హరితగృహ వాయువుల విశ్లేషకులు, సమన్వయకర్తలు కావాలనుకునేవారికి

"ఏవండీ, మా చేలో గాలి సీసాల్లో పట్టుకెళ్లి ఏం చేస్తారండీ?"

డెల్టాలో ఈ పనికి దిగిన ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. గట్టు మీద నిలబడి, రైతుకు అర్థమయ్యేలా నాలుగు మాటల్లో జవాబు చెప్పడం నేర్చుకోవాలి. నేను చెప్పేది ఇది: "నీళ్లు నిలిచిన మట్టికి గాలి ఆడదండి. అలాంటి చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువు పుట్టిస్తాయి. అది ఎక్కువగా వరి దుబ్బులోంచే పైకొస్తుంది. ఎంత వస్తోందో ఎక్కడో కూర్చుని అంచనా వేయడం కాకుండా, మన చేలో మనం కొలుద్దామనండి."

ఆ చివరి మాట ఊరికే అనడం లేదు. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ అంచనా ప్రకారం మన దేశపు వరి పొలాల నుంచి ఏటా దాదాపు 3.8 కోట్ల టన్నుల మీథేన్ వెలువడుతోంది. వేరే నేలల్లో, వేరే వాతావరణంలో తీసిన కొలతలను మన విస్తీర్ణంతో హెచ్చవేసి తేల్చిన సంఖ్య అది. 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్త ఎ.పి. మిత్ర నాయకత్వంలో దేశంలోని పలు వరి ప్రాంతాల్లో నేరుగా కొలతలు తీశారు. తేలింది ఏటా సుమారు 40 లక్షల టన్నులు. అంటే అంచనాలో తొమ్మిదో పదో వంతు! ఒక దేశాన్ని అంతర్జాతీయ చర్చల్లో ఏ వరసలో నిలబెట్టాలో తేల్చే సంఖ్య, చేలోకి దిగి కొలిస్తే అంతగా మారిపోయింది. ఈ వృత్తి మీద నాకున్న గౌరవం మొత్తం ఆ కథలోనే ఉంది. మీరు చెప్పే ప్రతి సంఖ్య వెనక ఒక చేను, ఒక తేదీ, ఒక గంట ఉండాలి. ఈ వ్యాసంలోని మెట్లన్నీ అక్కడికి చేర్చడానికే.

ఇది ఏం పని?

రెండు పనులు పక్కపక్కనే నడుస్తాయి. విశ్లేషకులది లెక్క. పొలం, చెరువు, ఫ్యాక్టరీ, అడవి, వీటిలో ఎక్కడి నుంచి ఏ వాయువు ఎంత వస్తోంది, ఎంత తగ్గింది, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది వాళ్లు తేలుస్తారు. సమన్వయకర్తది ఆ లెక్క పుట్టే చోటికీ, చేరే చోటికీ మధ్య తాడు తెగకుండా చూసే పని. రైతు, ప్రయోగశాల, నిధులిచ్చిన సంస్థ, వ్యవసాయ శాఖ, గణాంక నిపుణులు తలో భాష మాట్లాడతారు. వాళ్లందరి మధ్య తిరిగే మనిషి సమన్వయకర్త. డెల్టాలో చిన్న ప్రాజెక్టులే ఎక్కువ, వాటిలో రెండు పనులూ ఒక్కరే చేయాల్సి వస్తుంది. అందుకే రెండూ నేర్చుకోమంటాను.

మొదటి మెట్టు: మీ నేలను ఉద్గారాల పటంగా చూడటం

మనం పుట్టి పెరిగిన చోటే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకుంటాం. అక్కడే పొరపాటు.

ఆర్థర్ కాటన్ హయాంలో 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత ఈ నేల నీటి లెక్కే మారిపోయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు, వాటి కింద పిల్ల కాలువలు, బోదెలు, చివర మురుగు కాలువలు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) అని రెండు వరి పంటలు. భీమవరం వైపు, కోనసీమ అంచుల్లో చేలు చెరువులయ్యాయి. కోరింగలో మడ అడవి. నేల కింద కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండిన సంగతి కోనసీమ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. బావిలోంచి మండకుండా జారే గ్యాస్ కూడా మీథేనే. అంటే హరితగృహ వాయువుల పాఠ్యపుస్తకంలోని అధ్యాయాలు చాలావరకు మనకు ఒక్క రోజు బైకు ప్రయాణంలో కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2019లో తన లెక్కల మార్గదర్శకాలను సవరించింది. అందులో మంచినీటి, తక్కువ ఉప్పు నీటి చెరువులకు హెక్టారుకు ఏటా 183 కిలోల మీథేన్ అని, కాలువలు, కందకాలకు 416 కిలోలని సాధారణ విలువలు ఇచ్చింది. ఇవి ప్రపంచ సగటులు. పూడుకుపోయి, గుర్రపుడెక్క కప్పేసిన మన మురుగు కాలువకు ఏ విలువ సరిపోతుంది? మంచి పరిశోధన ప్రశ్నలు ఇలా కళ్లెదుటే ఉంటాయి. మొదటి నెలలో మీ మండలంలో ఇలాంటివి పది రాసుకోండి.

రెండో మెట్టు: చదువు

దీని గురించి అందరూ ఎక్కువ అడుగుతారు, నేను తక్కువ చెబుతాను. వ్యవసాయ బీఎస్సీ, రసాయన శాస్త్రం, పర్యావరణ శాస్త్రం, సివిల్ లేదా పర్యావరణ ఇంజనీరింగ్, భూగోళం, గణాంకాలు, ఏ దారినైనా రావచ్చు. పీజీ మాత్రం ఉండాలి. గేట్‌లో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్‌కు విడిగా పేపరు ఉంది. యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం ఉంది. వ్యవసాయం వైపు వారికి ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) నెట్ ఉంది. వీటిలో ఒకటి చేతిలో ఉంటే పరిశోధన ఫెలోషిప్‌లకు దారి తెరుచుకుంటుంది.

డిగ్రీ పేరు కంటే నాకు ముఖ్యమనిపించేవి మూడు. మొదటిది గణాంకాలు: సగటు, విచలనం, రిగ్రెషన్ వాలు, అనిశ్చితిని లెక్కించడం. రెండోది లెక్కలకు వాడే ఆర్ లేదా పైథాన్‌లో ఒకటి, దానికి తోడు పటాలు గీసే క్యూజీఐఎస్. ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. మూడోది తెలుగులో, ఇంగ్లీషులో ఒకే విషయాన్ని తేడా రాకుండా రాయగలగడం. సమన్వయకర్త అన్నం తినేది ఈ మూడో దానితోనే. ఆర్థిక శాస్త్రం, సోషల్ వర్క్ చదివినవాళ్లు సమన్వయంలో బాగా రాణించడం చూశాను. వాళ్లు మొదటి రెండూ ఆర్నెల్లు కూర్చుని నేర్చుకున్నారు.

మూడో మెట్టు: ముందు కాగితం మీద లెక్క

పరికరాలు లేకుండానే ఈ మెట్టు ఎక్కవచ్చు. ఐపీసీసీ మార్గదర్శకాలు అందరికీ ఉచితం. 2006 సంపుటాలు, వాటికి 2019 సవరణ కలిపి చదవండి. వ్యవసాయం, అడవులు, భూవినియోగానికి సంబంధించింది నాలుగో సంపుటం. వరి లెక్క అందులో ఐదో అధ్యాయంలో ఉంటుంది.

దాళ్వాలో ఒక ఎకరం తీసుకుందాం. పంట చేలో 110 రోజులు ఉందనుకుందాం. నిరంతరం నీళ్లు నిలిపిన చేనుకు దక్షిణాసియాలో రోజుకు హెక్టారుకు 0.85 కిలోల మీథేన్ అని 2019 సవరణ చెబుతుంది. 0.85ను 110తో హెచ్చవేస్తే హెక్టారుకు 93.5 కిలోలు. 2.47తో భాగిస్తే ఎకరానికి 37.9 కిలోలు. మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో సమానం చేయడానికి 28తో హెచ్చవేస్తాం. ఐపీసీసీ ఐదో నివేదికలోని విలువ ఇది, పారిస్ ఒప్పందం కింద దేశాలు ఇచ్చే నివేదికలకు దీన్నే వాడాలి. మొత్తం 1,060 కిలోలు.

ఇప్పుడు అదే చేనును మధ్యమధ్యలో పలుమార్లు ఆరబెట్టారనుకోండి. దానికి గుణకం 0.55. మీథేన్ 20.8 కిలోలకు దిగుతుంది. ఎకరానికి 17 కిలోలు తగ్గినట్టు, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో 477 కిలోలు.

ఇక్కడే ఆగిపోయే నివేదికలు చాలా చూశాను. ఆగకూడదు. చేను తడిసి ఆరుతూ ఉంటే నత్రజని ఎరువు నుంచి నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువ పుడుతుంది. యూరియా, ఇతర ఎరువుల రూపంలో ఎకరానికి 50 కిలోల నత్రజని వేశారనుకుందాం. నీళ్లు నిలిచిన చేలో దాని గుణకం 0.003, ఆరబెట్టిన చేలో 0.005. నత్రజని బరువును నైట్రస్ ఆక్సైడ్ బరువుగా మార్చడానికి 44ను 28తో భాగించి హెచ్చవేయాలి. ఆపైన కార్బన్ డయాక్సైడ్‌తో సమానం చేయడానికి 265తో హెచ్చవేయాలి. మొదటిది 62 కిలోలు, రెండోది 104 కిలోలు. 42 కిలోలు పెరిగింది. 477లోంచి అది తీసేస్తే నికరంగా తగ్గేది 435 కిలోలు. ఇంటర్వ్యూలో ఎవరైనా వరి మీథేన్ గురించి అడిగితే నైట్రస్ ఆక్సైడ్‌ను మీ అంతట మీరే తీసుకురండి. మీరు లెక్కను చివరిదాకా నడిపించే మనిషి అని వాళ్లకు తెలుస్తుంది.

గడ్డి సంగతి ఇంకా ఆసక్తికరం. నాట్లకు నెల లోపు దున్నేసిన వరి గడ్డికి ఐపీసీసీ గుణకం 1. నెల దాటితే 0.19. మన పంటల క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. దాళ్వా కోత ఏప్రిల్‌లో, సార్వా నాట్లు జులై ప్రాంతంలో. మధ్యలో బోలెడు సమయం ఉంది, గడ్డి ఆరిన నేలలో చివికిపోతుంది. కానీ సార్వా కోత నవంబరు, డిసెంబరుల్లో. ఆ వెంటనే దాళ్వాకు దమ్ము. గడ్డి ఇంకా పచ్చిగా ఉండగానే నీళ్ల కింద మగ్గుతుంది. కాబట్టి సార్వా గడ్డిని దాళ్వా ముందు ఏం చేస్తున్నారు అన్న ఒక్క ప్రశ్న మీ లెక్కను ఎంతో మార్చేస్తుంది. రైతు ఇంటర్వ్యూ ఫారంలో ఈ ప్రశ్న లేకపోతే ఆ ఫారాన్ని తిరిగి రాయండి.

సాధారణ విలువలతో చేసే ఈ లెక్కను మొదటి అంచె అంటారు. సొంత కొలతలతో, మన ప్రాంతపు విలువలతో చేసేది రెండో అంచె. కొలతల ఆధారంగా నడిచే నమూనాలు మూడో అంచె. మొదటి అంచె చేతికి అలవాటయ్యాకే చేలో కొలిచే పెట్టె పట్టుకోండి.

నాలుగో మెట్టు: చేలో కొలవడం

మూసిన పెట్టె పద్ధతి డెల్టాకు బాగా సరిపోతుంది. నాట్లయ్యాక బురదలో ఒక చట్రం దిగేసి, పంట అయ్యేదాకా దాన్ని అక్కడే ఉంచుతారు. కొలిచే రోజున దాని మీద అక్రిలిక్ పెట్టె పెడతారు. అంచున ఉన్న గాడిలో నీళ్లు పోస్తే గాలి బయటికి పోదు. లోపల చిన్న ఫ్యాను, థర్మామీటరు. పెట్టె పెట్టిన క్షణంలో ఒకసారి, తర్వాత 10, 20, 30 నిమిషాలకు సిరంజితో గాలి లాగి, ముందే గాలి తీసేసిన సీసాల్లో నింపుతారు. వాటిని ప్రయోగశాలలో, వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద నడుపుతారు. మీథేన్‌కు ఒక డిటెక్టరు, నైట్రస్ ఆక్సైడ్‌కు మరొకటి.

లెక్క ఇలా ఉంటుంది. మీథేన్ 30 నిమిషాల్లో పది లక్షల వంతుల్లో 2 నుంచి 8కి పెరిగింది. అంటే గంటకు 12. పెట్టెలో గాలి ఎత్తు 80 సెంటీమీటర్లు, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. ఆ వేడిలో ఘనమీటరు గాలిలో సుమారు 40.2 మోల్‌లు ఉంటాయి. మీథేన్ మోల్ బరువు 16 గ్రాములు. అన్నీ కలిపితే చదరపు మీటరుకు గంటకు దాదాపు 6.2 మిల్లీగ్రాములు. అదే వేగం రోజంతా ఉంటే హెక్టారుకు రోజుకు సుమారు 1.5 కిలోలు. పైన చెప్పిన 0.85 పక్కన పెట్టి చూడండి. ఒక్క రోజు కొలతను సీజను సగటుతో పోల్చేసి తీర్పు చెప్పకూడదు. దుబ్బు చేసే దశలో ఒకలా, పూత దశలో ఒకలా ఉంటుంది. అందుకే సీజనంతా కనీసం వారానికోసారి, ఎరువు వేసిన తర్వాతా, చేను ఆరబెట్టిన తర్వాతా వరసగా కొన్ని రోజులూ కొలవాలి. ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య తీసే కొలత రోజు సగటుకు దగ్గరగా ఉంటుందని సాధారణంగా ఆ వేళనే ఎంచుకుంటారు.

పుస్తకాల్లో తక్కువగా కనిపించే విషయాలు కొన్ని ఇక్కడ చెప్పాలి. చట్రం దగ్గరికి నడవడానికి చెక్క పలక వేయండి. పాదం బురదలో దిగితే మట్టిలో చిక్కుకున్న బుడగలు ఒక్కసారిగా పైకొస్తాయి, ఆ మీథేన్ చేను సహజంగా వదిలింది కాదు, మీరు తొక్కి రప్పించింది. గాలిలో సహజంగానే పది లక్షల వంతుల్లో 1.9 దాకా మీథేన్ ఉంటుంది. మీ మొదటి సీసాలోనే 6, 7 కనిపిస్తే పలక సరిగా వేయలేదని అనుమానించాలి. నాలుగు కొలతలు ఒకే సరళరేఖ మీద పడకపోతే ఆ వాలును వాడకండి, ఎందుకు వాడలేదో రాయండి.

సీసాల మీద పేర్లు పెన్సిల్‌తో రాసి పైన టేపు వేయండి. మా మొదటి దాళ్వాలో మార్కరుతో రాశాం. ఐస్ పెట్టెలో చెమ్మకు అక్షరాలు చెరిగిపోయాయి. నలుగురు మనుషులు ఒక రోజంతా చేసిన పని, 48 సీసాలు, పనికిరాకుండా పోయాయి. ఆ చేను రైతుకు ఫోన్ చేసి ఆ రోజు కొలత లేదని చెప్పడం ఇప్పటికీ నాకు గుర్తుంది. సీసాలు వేరే ఊరి ప్రయోగశాలకు వెళుతుంటే, సాంద్రత తెలిసిన ప్రామాణిక వాయువు నింపిన రెండు మూడు సీసాలు వాటితోపాటే పంపండి. దారిలో రబ్బరు మూతలు కారాయో లేదో అవే చెబుతాయి.

ఐదో మెట్టు: మనుషుల మధ్య పని

ఇది పరిశోధన సమన్వయంలో గుండెకాయ. పత్రాల్లో మాత్రం ఒక వాక్యంలో పోతుంది.

ముందు నీటి సంగతి. ఆరుతడి పద్ధతిలో 30 సెంటీమీటర్ల గొట్టానికి రంధ్రాలు పెట్టి చేలో దిగేస్తారు. గొట్టంలో నీరు నేల మట్టం కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడు మళ్లీ తడి ఇస్తారు. కాగితం మీద ఇది చాలా తేలిక. మన డెల్టాలో నీరు చేను నుంచి చేనుకు పారుతుంది. పై చేను రైతు ఆరబెట్టాలనుకున్నా కింది చేను రైతుకు నీళ్లు ఆ చేలోంచే వెళ్లాలి. సార్వాలో వానలు, వరదలు, మురుగు దిగని పల్లపు చేలు. అక్కడ ఆరబెట్టమని రైతుకు చెప్పడం అన్యాయమని నా నమ్మకం. దాళ్వాలో కాలువ నీళ్లు వంతుల వారీగా వస్తాయి కాబట్టి వీలు కొంత ఎక్కువ. ప్రాజెక్టును ఒక్క రైతుతో కాకుండా ఒక బోదె కింది రైతులందరితో మొదలుపెట్టండి. నీటి సంఘం పెద్దలను, కాలువ నీళ్లు వదిలే లస్కరును మొదటి సమావేశానికే పిలవండి. వంతు ఏ రోజు మారిందో లస్కరుకు తెలిసినంత కచ్చితంగా ఏ రికార్డుకూ తెలియదు.

తర్వాత కౌలు సంగతి. డెల్టాలో చేను దున్నేది, నీళ్లు పెట్టేది ఎక్కువచోట్ల కౌలు రైతే. ఉద్గారాలు తగ్గించి, ఆ తగ్గింపును అమ్ముకునే కార్బన్ క్రెడిట్ ప్రాజెక్టుల ఒప్పందాలు మాత్రం పట్టాదారు పేరుతో రాయడం సులువు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే సాగుదారు హక్కు కార్డుకు యజమాని సంతకం కావాలి, చాలామందికి అది దొరకదు. ఆరబెట్టే కష్టం ఒకరిది, డబ్బు ఇంకొకరిది అయితే ఆ ప్రాజెక్టు రెండో సీజనుకు నిలవదు. అంగీకార పత్రంలో ఇద్దరి పేర్లూ, ఎవరికి ఎంత వాటా అన్నదీ తెలుగులో రాసి, చదివి వినిపించి, ఒక కాపీ వాళ్లకు ఇచ్చాకే సంతకం తీసుకోండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చన్న మాట అందులో ఉండాలి. నిధులిచ్చిన సంస్థ ఇంగ్లీషు పత్రం చాలంటే, చాలదని మర్యాదగా, గట్టిగా చెప్పండి.

రైతు దగ్గరికి వెళ్లేముందు వాళ్ల చరిత్ర తెలుసుకోండి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టని ధర, పెరిగిన ఖర్చు, మురుగు పారని కాలువలు. అది గుర్తున్న రైతు, మీరు భూతాపం గురించి మొదలుపెడితే, "ముందు మా మురుగు కాలువ సంగతి చూడండి బాబూ" అంటారు. అది పక్కదారి మాట కాదు. మురుగు దిగితేనే చేను ఆరుతుంది, చేను ఆరితేనే మీథేన్ తగ్గుతుంది. ఆయన చెప్పింది మీ ప్రాజెక్టు సారాంశమే. ఆ మాటను నివేదికలో రాయండి.

రోజువారీ పనికి ఒక పుస్తకం, ఒక పట్టిక. ప్రతి మడికి ఒక కోడ్, ప్రతి కొలతకు తేదీ, గంట, నీటి లోతు, ఉష్ణోగ్రత, ఎవరు తీశారు. సాయంత్రమే కంప్యూటర్లోకి ఎక్కించండి, పుస్తకం పారేయకండి. రైతు పేరు, ఫోను ఉన్న పట్టిక వేరుగా తాళం వేసి ఉంచి, విశ్లేషణకు కోడ్ మాత్రమే పంపండి. నిధుల లెక్క, వినియోగ ధ్రువపత్రం, మధ్యంతర నివేదిక గడువులు గోడ మీద క్యాలెండరులో పంట పనుల పక్కనే రాసుకోండి. గడువు కోతల వారంలో పడిందా, నెల ముందే మార్పించుకోండి. ఫలితాలు వచ్చాక మొదట ఆ బోదె కింది రైతులకు చెప్పండి, తర్వాతే సదస్సుకు వెళ్లండి.

ఆరో మెట్టు: వరి దాటి

చెరువుల లెక్క కొత్తవారికి మంచి ఉద్యోగ ద్వారం. చెరువు నీటికి గాలి అందించే రెండేసి హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు, రోజుకు 12 గంటలు తిరిగితే సుమారు 72 యూనిట్లు. వంద రోజుల రొయ్యల పంటకు 7,200. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఐదు టన్నులు ఒక్క గాలి తిప్పడానికే. ఈ గుణకాన్ని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది, ఎప్పుడూ తాజాది తీసుకోండి. జనరేటరు డీజిల్ లీటరుకు దాదాపు 2.7 కిలోలు. మేత తయారీలో వచ్చేది దీనికి అదనం. ఉద్గారాలను మూడు స్కోప్‌లుగా, అంటే వర్గాలుగా, విడదీస్తారు: చెరువు యజమాని సొంతంగా కాల్చే డీజిల్ స్కోప్ 1, కొనే కరెంటు స్కోప్ 2, బయట తయారై వచ్చే మేత స్కోప్ 3. అదే చెరువు మొత్తం, రొయ్యలు కొనే విదేశీ కంపెనీకి స్కోప్ 3. ఈ విభజన సంస్థల ఉద్గారాల లెక్కకు వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్‌ది. సంస్థల లెక్కలకు ఐఎస్ఓ 14064 ప్రమాణం కూడా చదవాలి.

కంపెనీల వైపు గిరాకీ చట్టం వల్ల పెరుగుతోంది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022–23 నుంచి అగ్రశ్రేణి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు బాధ్యతాయుత వ్యాపార నివేదిక తప్పనిసరి చేసింది. 2023 జూన్‌లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. దిగుమతయ్యే సరుకుల ఉద్గారాల లెక్క అడిగే యూరప్ సరిహద్దు కార్బన్ విధానం 2023 అక్టోబరులో నివేదికలతో మొదలై 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని జాబితాలో ఎరువులు, ఇనుము, సిమెంటు, అల్యూమినియం ఉన్నాయి, రొయ్యలు లేవు.

మడ అడవి వైపు వెళ్లాలనుకుంటే అటవీ శాఖ అనుమతి మొదటి పని. చెట్టు చుట్టుకొలత నుంచి బరువు, బరువు నుంచి కార్బన్, దాన్ని 3.67తో హెచ్చవేస్తే కార్బన్ డయాక్సైడ్. అసలు నిల్వ చాలావరకు మట్టిలో ఉంటుంది. పోటు, పాటు చూసి పడవ ఎక్కాలి. తెల్లమడ, తిల్ల, పొన్న చెట్లను ఆకు చూసి గుర్తుపట్టడం స్థానిక మత్స్యకారుల దగ్గర నేర్చుకోండి. వాళ్ల రోజు కూలీని ప్రాజెక్టు బడ్జెట్లో ముందే రాయండి.

ఏడో మెట్టు: ఉద్యోగం వెతకడం

మనకు దగ్గర్లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉంది. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, పుట్టిన చోటు. కాకినాడలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం, జేఎన్‌టీయూ ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ. కొంచెం దూరం వెళితే హైదరాబాద్‌లో భారత వరి పరిశోధన సంస్థ, మెట్ట వ్యవసాయం మీద పనిచేసే క్రీడా (CRIDA) సంస్థ, ఉపగ్రహ చిత్రాలకు ఎన్ఆర్ఎస్‌సీ, సముద్రానికి ఇన్‌కాయిస్. పటాన్‌చెరులో ఇక్రిశాట్. కటక్‌లో ఐకార్ వారి వరి పరిశోధన సంస్థ. చెన్నైలో తీరప్రాంత నిర్వహణ జాతీయ కేంద్రం, మడ అడవులపై ఎన్నో ఏళ్లు పనిచేసిన స్వామినాథన్ ఫౌండేషన్. 2011లో మొదలైన ఐకార్ వారి నిక్రా పథకం కింద వాతావరణాన్ని తట్టుకునే సాగు మీద పనులు నడుస్తున్నాయి. వీటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు సిబ్బంది ప్రకటనలు వస్తుంటాయి, గడువు తక్కువ ఇస్తారు, వారానికోసారి చూడండి.

జీతం గురించి దాచకూడదు. నెట్, గేట్ ఉన్న జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం. ప్రాజెక్టు ఉద్యోగాలు ఒకటి నుంచి మూడేళ్లకు, తర్వాత మళ్లీ వెతుక్కోవాలి. ప్రైవేటు సంప్రదింపుల సంస్థల్లో ఎక్కువ ఇస్తారు, చేలోకి దిగే అవకాశం తగ్గుతుంది. మొదటి రెండేళ్లు చేలో, తర్వాత కంపెనీలో అన్న వరస మంచిదని నా అభిప్రాయం. తిరగేస్తే నేర్చుకోవడం కష్టం.

ఒక హెచ్చరిక. కార్బన్ క్రెడిట్ల రంగంలో తొందర ఎక్కువ. కార్బన్ క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా అనే అంతర్జాతీయ సంస్థ 2024లో చైనాలోని 37 వరి మీథేన్ ప్రాజెక్టులను తిరస్కరించింది. ఆరబెట్టని చేను ఆరబెట్టినట్టు రాయమని ఎవరైనా అడిగితే రాయకండి. సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్‌తో మబ్బుల్లోంచి కూడా చేలో నీళ్లను చూస్తుంది. ఎవరూ చూడకపోయినా రాయకూడదు.

ఎనిమిదో మెట్టు: ఈ దాళ్వాలో మొదలుపెట్టడం

దరఖాస్తుకు అనుభవం అడుగుతారు. దాన్ని ఇంటి దగ్గరే సంపాదించవచ్చు. నాట్లకు ముందు మీ బాబాయి చేలోనో, మావయ్య చేలోనో రంధ్రాల గొట్టం ఒకటి దిగేయండి. పక్కన, ఎప్పటిలాగే నీళ్లు పెట్టే చేలో ఇంకొకటి. నాటు రోజు నుంచి కోత దాకా ప్రతి ఉదయం రెండింట్లో నీటి లోతు, వాన, కాలువ వంతు, ఎరువు వేసిన తేదీ, బస్తాలు రాయండి. సార్వా గడ్డి ఏమైందో మొదటి పేజీలో రాయండి. కోతయ్యాక మూడో మెట్టులోని లెక్కను మీ చేలకు వేయండి. ఆరబెట్టిన చేను నిజంగా ఎన్నిసార్లు ఆరింది? ఆ సంఖ్యను బట్టి గుణకం ఎంచుకోండి. ఒక్కసారే ఆరితే 0.71 వాడాలి, 0.55 కాదు. ధాన్యం దిగుబడి రెండు చేలకూ తూచి రాయండి. రెండు పేజీల నివేదిక, ఒక గ్రాఫు, పుస్తకం ఫొటోలు దరఖాస్తుకు జతచేయండి.

ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు పుస్తకం పేజీలు తిప్పుతారు. ఫిబ్రవరిలో మూడు రోజులు ఖాళీగా ఉన్నాయేం అని అడుగుతారు. "అక్క పెళ్లికి వెళ్లానండి, ఆ పేజీలోనే రాశాను" అని చెప్పగలిగేలా ఆ మాట ఆ రోజే రాసి పెట్టుకోండి.